పక్షవాతం తర్వాత ఇంట్లో ఫిజియో: కర్నూలులో ఇచ్చే వీడియోలు, ఇంటికొచ్చే సేవ ఎంతవరకు పనికొస్తాయి

చెయ్యి కాలు పడిపోయిన మనిషిని ఇంటికి తెచ్చుకునే రోజు ఇంటివాళ్ల చేతికి వచ్చేవి మందుల చీటీ, డిశ్చార్జి కాగితం, దానిపైన ఒక మాట: "రోజూ ఫిజియో చేయించండి." ఆ మాటను ఇంట్లో ఎలా అమలు చెయ్యాలో చూపించడానికి కర్నూలులో నడుస్తున్న ఒక ఏర్పాటు గురించి ఈ సమీక్ష. తెలుగులో తీసిన 23 వీడియోల లింకు వాట్సాప్‌కు పంపుతారు. ఒక్కోటి మూడు నుంచి ఏడు నిమిషాలు ఉంటుంది. వాటితోపాటు మూడు నెలల్లో ఆరుసార్లు ఫిజియోథెరపిస్టు ఇంటికి వస్తారు, మధ్యలో వారానికోసారి ఫోను చేస్తారు. వీడియోలకు డబ్బు లేదు. ఇంటికి వచ్చేదానికి తీసుకుంటారు. టౌనులో ఒక రేటు, కోడుమూరు, ఎమ్మిగనూరు వైపు రావాలంటే ఇంకో రేటు. ఆరుసార్లకూ కలిపి ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇరవై మూడూ చూశాం. చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. అందుకే ఒకే పరీక్ష పెట్టుకున్నాం: ఒకసారి చూసి ఫోను పక్కన పెట్టాక, ఇంట్లో చూసుకునే మనిషికి తన చెయ్యి ఎక్కడ పెట్టాలో, కాలు ఎక్కడ ఆనించాలో తెలుస్తోందా? తెలిస్తే ఆ వీడియో పనికొచ్చినట్టు. జబ్బు గురించి ఎంతసేపు చెప్పినా, మంచం దగ్గర ఎటువైపు నిలబడాలో చెప్పకపోతే ఇంటివాళ్లకు దానితో పని లేదు.

ఈ పరీక్షలో అన్నిటికన్నా బాగా నిలబడింది మూడో వీడియో, మంచంలో పడుకోబెట్టే తీరు గురించి. కెమెరాను మంచం పైనుంచి పెట్టారు కాబట్టి దిండ్లు ఎక్కడ పడుతున్నాయో చక్కగా కనిపిస్తుంది. నాలుగు దిండ్లు, ఒక టవలు చాలు. వెల్లకిలా పడుకున్నప్పుడు పడిపోయిన వైపు భుజం రెక్క కింద పల్చటి దిండు, చెయ్యి పొడవునా ఇంకొకటి, అరచెయ్యి తెరిచి ఉండాలి. ఆ వైపు తుంటి పక్కన టవలు చుట్టి పెడితే కాలు బయటికి వాలిపోదు. మంచి వైపుకు తిప్పితే పడిపోయిన చెయ్యి రొమ్ముకు ఎదురుగా దిండు మీద, మోకాలు కొంచెం మడిచి మరో దిండు మీద. పడిపోయిన వైపుకే తిప్పినప్పుడు అందరూ చేసే తప్పును విడిగా చూపించారు. మనిషి భుజం మొన మీద పడుకుంటే నొప్పి అక్కడే మొదలవుతుంది. భుజం రెక్క వెనకగా చెయ్యి పోనిచ్చి ముందుకు జరిపితే బరువు రెక్క మీద పడుతుంది. జరపాల్సింది రెక్కను. చేతిని పట్టి లాగకూడదు. ఈ ఒక్క తేడా చూపించడానికి ఆ వీడియోలో నలభై సెకన్లు పెట్టారు, మొదట తప్పుగా, తర్వాత సరిగ్గా. మిగతా వీడియోలన్నీ ఇలా ఉండి ఉంటే ఈ సమీక్ష ఇక్కడే ముగిసేది.

అదే వీడియోలో ఒక లోపం ఉంది. రెండు గంటలకోసారి తిప్పమని, చర్మం ఎర్రబడితే పుండు మొదలవుతోందని గుర్తించమని చెప్పారు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? మన ఇళ్లలో చూడాల్సింది వేరు. పిరుదుల మధ్య ఎముక దగ్గర, మడమ దగ్గర, తుంటి పక్కన వేలి వెనక భాగంతో తాకి చూడాలి. పక్క చోటుకన్నా వెచ్చగా ఉందా, గట్టిగా ఉందా, రంగు ఇంకాస్త ముదిరిందా? ఒక్కటి ఉన్నా ఆ వైపు బరువు పడనివ్వకూడదు. ఎయిర్ బెడ్ కొన్నవాళ్లు తిప్పడం మానేస్తుంటారు. అది పుండును ఆలస్యం చేస్తుందే కానీ ఆపదు. బెడ్‌లో గాలి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మనిషి పడుకుని ఉండగా పిరుదుల కిందికి, పరుపు అడుగునుంచి, అరచెయ్యి పోనివ్వాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలదు. మధ్యలో ఒక అంగుళమైనా గాలి మందం ఉండాలి. కరెంటు పోయి పంపు ఆగితే గాలి దిగిపోతుంది కాబట్టి కోతలున్న రోజుల్లో దీన్ని రోజూ చూసుకోవాలి. నడిమధ్య బొక్క ఉన్న గాలి రింగులు మాత్రం కొనొద్దు. బొక్క అంచు చుట్టూ ఒత్తిడి పడి రక్తప్రసరణ ఇంకా తగ్గుతుంది.

ఐదు, ఆరు వీడియోలు లేపి కూర్చోబెట్టడం, కూర్చున్న చోటినుంచి నిలబెట్టడం గురించి. విషయం సరైనదే. పక్కకు తిప్పి, కాళ్లు మంచం బయటికి దించి, ఆ బరువుతోనే ఒంటిని పైకి లేపమంటారు. నిలబడేటప్పుడు అంచుకు జరగాలి, పాదాలు మోకాళ్లకన్నా కొంచెం వెనక్కు ఉండాలి, ముందుకు వంగితేనే పిరుదులు లేస్తాయి. కానీ చెప్పిన భాష చూడండి: "శరీర బరువును ముందుకు బదిలీ చేయండి." కర్నూలు పాతబస్తీలో ఒక కోడలు మామకు ఈ మాట చెప్పదు. "మామా, ముందుకు వంగు, ముక్కు కాలివేళ్ల మీదికి రావాలి, ఇప్పుడు లెయ్" అంటుంది. ఆ మాట వీడియోలోనే ఉంటే ఆమె దాన్నే పట్టుకుంటుంది. ఆసరా ఇచ్చే మనిషి పడిపోయిన వైపు నిలబడాలి, తన మోకాలితో ఆ మోకాలికి అడ్డం పెట్టాలి, నడుముకు కట్టిన తువ్వాలునో బెల్టునో పట్టుకోవాలి. చంకలో చెయ్యి వేసి ఎత్తకూడదని వీడియోలో ఒకసారి చెప్పి వదిలేశారు. నాలుగుసార్లు చెప్పాల్సిన మాట అది. పడిపోయిన భుజంలో కండరాలు కీలును పట్టి ఉంచలేవు. చంక కింద ఎత్తినా, చెయ్యి పట్టి గుంజినా కీలు జారొచ్చు. ఆ తర్వాత వచ్చే భుజం నొప్పి వల్ల మిగతా వ్యాయామం మొత్తం ఆగిపోతుంది.

మంచం సంగతి ఈ వీడియోల్లో లేనే లేదు. చూపించిందంతా చక్రాలున్న ఆసుపత్రి మంచం. మన దగ్గర నవారు మంచమో, నులక మంచమో, లేకపోతే నేల మీద పరుపో ఉంటుంది. నవారు మంచం నడుమ కుంగుతుంది, అందులోంచి లేవాలంటే మంచి మనిషికే కష్టం. పక్షవాతం వచ్చినవాళ్లకు గట్టి చెక్క మంచం కావాలి. కూర్చుంటే పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి, తుంటి మోకాలికన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. చాలామందికి పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాలు సరిపోతుంది. మంచం ఎత్తు చాలకపోతే ఇటుకలు పెట్టొద్దు, జరుగుతాయి. కోడు దిగేలా గుంట తొలిచిన చెక్క దిమ్మెలు వడ్రంగి దగ్గర చేయించుకోవాలి. ఫిజియో మొదటిసారి వచ్చినప్పుడు ఈ కొలత తీసుకోకపోతే మీరే అడగండి.

మింగడం గురించిన తొమ్మిదో వీడియో దగ్గర ఈ సెట్టు బాగా వెనకబడింది. దీనికి ఎక్కువ జాగా ఇస్తున్నాం, ఎందుకంటే ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. ముద్ద గాలిగొట్టంలోకి పోతే నిమోనియా వస్తుంది. వీడియోలో నియమాలన్నీ సరిగ్గా ఉన్నాయి: నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి వంచాలి, ఒకసారికి ఒక టీ చెంచా, అది మింగాకే ఇంకోటి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు, పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు ఉండిపోయాయేమో వేలికి గుడ్డ చుట్టి చూడాలి. దగ్గు వస్తే, గొంతులో నీళ్లు ఉన్నట్టు మాట గరగరలాడితే ఆపెయ్యాలి. కొందరికి దగ్గు కూడా రాదు, జ్వరమో, ఆయాసమో వచ్చాకే బయటపడుతుంది. ఈ విషయాన్ని చెప్పినందుకు మెచ్చుకోవాలి.

అయితే గిన్నెలో చూపించింది బ్రెడ్డు, కస్టర్డు, సూపు. కర్నూలు జిల్లాలో పొద్దున ఉగ్గాని (నానబెట్టిన బొరుగులతో చేసేది) తింటారు, మధ్యాహ్నం జొన్నరొట్టెనో సంగటో తింటారు. వాటి గురించి ఒక్క ముక్క లేదు. ఉగ్గాని మెత్తగా కనబడుతుంది కాబట్టి ఇంటివాళ్లు అదే మొదట పెడతారు. నానిన బొరుగును నోట్లో నొక్కితే నీళ్లు ఒకవైపు, పిప్పి ఒకవైపు విడిపోతాయి. నాలుక రెండింటినీ ఒకేసారి అదుపు చేయలేదు, నీళ్లు ముందే జారిపోతాయి. పైన చల్లిన పప్పుల పొడి పొడిగా గొంతులోకి లేస్తుంది. జొన్నరొట్టె నములుతుంటే రవ్వలుగా విరిగి చెల్లాచెదురవుతుంది, మజ్జిగలో నానబెట్టినా మళ్లీ పైన చెప్పిన కష్టమే. సంగటి ఇంకో రకం. అలవాటున్నవాళ్లు దాన్ని నమలరు, ముద్ద చేసి పప్పులో అద్ది మింగేస్తారు. నలభై ఏళ్ల అలవాటు జబ్బు వచ్చిందని పోదు. పడిపోయిన గొంతుకు ఆ ముద్ద అడ్డం పడగలదు.

అలాగని సంగటి మానిపించనక్కర్లేదు. మింగగలరని పరీక్షించి చెప్పాక, వేడిగా ఉండగానే కొంచెం సంగటిని పలచని పప్పుతో బాగా మెదిపి, గడ్డ అనేది లేకుండా, చెంచా తిరగేస్తే మెల్లగా జారిపడేంత మెత్తగా చెయ్యాలి. కొంచెం నెయ్యి వేస్తే గొంతుకు అంటుకోదు. చెంచాతోనే పెట్టాలి, చేతి ముద్ద వద్దు. నీళ్లు, పలచని మజ్జిగ, టీ అన్నిటికన్నా తొందరగా జారేవి. "కనీసం నీళ్లన్నా తాగించండి" అని చూడటానికి వచ్చిన చుట్టాలు అనే మాటే ప్రమాదం. గట్టి పెరుగు, చిక్కటి రాగిజావ లాంటివి నీళ్లకన్నా నెమ్మదిగా పోతాయి. ఎంత చిక్కదనం కావాలో మింగడం పరీక్షించిన డాక్టరో, స్పీచ్ థెరపిస్టో చెప్పాలి. బుడ్డల (వేరుశనగ) పొడి, ఎండు కారప్పొడి, వేయించిన బుడ్డలు మింగడం పూర్తిగా కుదుటపడేదాకా ఆ కంచం దరిదాపుల్లోకి రాకూడదు.

ముక్కు గొట్టంతో ఇంటికి వచ్చినవాళ్ల కోసం తీసిన పదకొండో వీడియో బాగుంది. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తడం, ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగిందేమో ముందు చూడటం, సిరంజిని నొక్కకుండా ఎత్తిపట్టి దానంతట అదే దిగనివ్వడం, చివర 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా నీళ్లు పోయడం, అన్నీ దగ్గరినుంచి చూపించారు. చేర్చాల్సింది ఒకటుంది. రాగిజావ చల్లారేకొద్దీ చిక్కబడి గొట్టంలో పేరుకుంటుంది. పలచగా కాచి, సన్నటి గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా ఉండగానే పోయాలి. మాత్రలు ఒక్కోటి విడిగా నూరి విడిగా వెయ్యాలి. నూరకూడని మాత్రలు కూడా ఉంటాయి, మందుల షాపులో కాదు, రాసిన డాక్టరునే అడగాలి. గొట్టం ఊడి వస్తే ఇంట్లో మళ్లీ పెట్టే ప్రయత్నం చెయ్యొద్దు.

చెయ్యి గురించి నాలుగు వీడియోలు ఉన్నాయి. వీటిలో నటించినవాడు ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు. పడిపోయినట్టు పెట్టిన చెయ్యి అడుగడుగునా తనంతట తానే సాయం చేస్తుంటుంది. నిజంగా పడిపోయిన చెయ్యి అలా రాదు, బరువుగా వేలాడుతుంది, లేదా మడుచుకుని బిగుసుకుంటుంది. చూసిన ఇంటివాళ్లు తమ మనిషి చెయ్యి అలా లేవడం లేదేమని గట్టిగా లాగుతారు. జబ్బు నుంచి తేరుకుంటున్న మనిషిని, ఒప్పుకుంటే, పెట్టి తీసి ఉండాల్సింది. ఇంకో చిక్కు, కుర్రాడు కెమెరాకు ఎదురుగా కూర్చున్నాడు. తెర మీద కుడివైపు కనిపించేది అతని ఎడమ చెయ్యి. అన్నిట్లో పడిపోయింది ఎడమవైపే. కుడివైపు పడిపోయినవాళ్ల ఇంట్లో రెండుసార్లు తిప్పి ఆలోచించాలి. అదే వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పి ఇంకో కాపీ ఇస్తే సరిపోయేది, దానికి ఖర్చు కూడా లేదు.

చేతి వ్యాయామం పేరుతో సర్జికల్ షాపుల్లో కొనే రెండు వస్తువుల గురించి వీడియోలు నోరు మెదపకపోవడం పెద్ద లోటు. మొదటిది తలుపుకు తగిలించే పుల్లీ. మంచి చేత్తో తాడు లాగితే పడిపోయిన చెయ్యి తలపైకి లేస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ చెయ్యి భుజం ఎత్తు దాటేటప్పుడు రెక్క ఎముక కూడా తిరగాలి. పడిపోయినప్పుడు అది తిరగదు, కీలు లోపలి కండ నలుగుతుంది. పుల్లీ వాడినవాళ్లకు భుజం నొప్పి ఎక్కువని చాలా ఏళ్లుగా తెలిసిన విషయమే. రెండోది మెత్తటి బంతి. వేళ్లు అప్పటికే మడుచుకుని ఉంటే నొక్కడం కాదు నేర్పాల్సింది, తెరవడం. బంతి పిసికినకొద్దీ ఉన్న బిగుతునే సాధన చేసినట్టవుతుంది. దానికి బదులు ఒక గిన్నెలో బుడ్డలు పోసి ఒక్కోటీ తీసి పక్క గిన్నెలో వెయ్యమనండి. వెయ్యాలంటే వేళ్లు విప్పాలి. వేళ్లు అసలు కదలనివాళ్లు అరచేతిని బల్ల మీద పరిచి, మంచి చెయ్యి దానిపైన పెట్టి, గుడ్డతో బల్ల తుడిచినట్టు ముందుకూ వెనక్కూ జరపాలి. పదిసార్లు చేసి అలసిపోయామని ఆపితే మెదడు నేర్చుకోదు. మధ్య మధ్య ఆగుతూ రోజు మొత్తానికి లెక్క వందల్లోకి పోవాలి. వేడి కాపడం జోలికి పోవద్దు. స్పర్శ తెలియని చేతికి కాలింది కూడా తెలియదు.

నడక వీడియోల్లో కర్ర మంచి చేతిలో ఉండాలని, మొదట కర్ర, తర్వాత పడిపోయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు అని స్పష్టంగా చెప్పారు. కర్ర ఎత్తు మణికట్టు మడత దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. నడిచినతను మాత్రం షూ వేసుకున్నాడు. మనవాళ్లు హవాయి చెప్పులతో నడుస్తారు. పడిపోయిన పాదం వేళ్లతో చెప్పును పట్టలేదు, జారి ముందుకు పోతుంది, వెనక అడుగు దానిమీద పడుతుంది. మడమకు పట్టీ ఉన్న శాండిల్ కొనాలి. బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లలో తడి ఉంటే కర్ర కొన కూడా నిలవదు, రబ్బరు బుష్ అరిగిందేమో నెలకోసారి తిప్పి చూసుకోవాలి. గడప దాటడం, పెరట్లో ఉన్న బాత్రూముకు రెండు మెట్లు దిగి పోవడం, ఇండియన్ లెట్రిన్ మీద కమోడ్ కుర్చీ పెట్టుకోవడం ఎక్కడా లేవు. ఈ మూడు చోట్లా జారిపడే ప్రమాదం ఉంటుంది. ఎండాకాలం గురించి కూడా రాసుకోండి: ఏప్రిల్, మే నెలల్లో నడక పొద్దున తొమ్మిదిలోపే.

మాట పోయినవాళ్ల గురించి ఒకే వీడియో. చిన్నదే, కానీ మంచిది. మాట రాకపోతే బుద్ధి పోయినట్టు కాదని మొదటి వాక్యంలోనే చెప్పారు. ఒకసారికి ఒకే ప్రశ్న వెయ్యండి, అవును కాదు అని తలూపగలిగే ప్రశ్న. మాట రానివాళ్లలో కొందరు ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టగలరు, చిన్నప్పటినుంచీ పాడిన భజన అందుకోగలరు. అక్కడినుంచి మొదలుపెట్టమని చెప్పి ఉంటే బాగుండేది.

మందులు, రెండోసారి రాకుండా జాగ్రత్తలు చెప్పే 21, 22 వీడియోలను ఇంట్లో అందరూ చూడాలి. బీపీ 130కి 80 లోపు ఉంచుకోవాలని, బాగయ్యామని మాత్ర ఆపకూడదని, ఒకరి మాత్రలు ఇంకొకరు వాడకూడదని గట్టిగా చెప్పారు. చివరిదానికి కారణం కూడా వివరించారు. మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి ఇచ్చే ఆస్పిరిన్, మెదడులో రక్తం కారిన మనిషికి హాని చేస్తుంది. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం, ఏది కనిపించినా 108కి ఫోను చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పొమ్మన్నారు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు, లక్షణాలు మొదలైనప్పటినుంచి నాలుగున్నర గంటలే గడువు. పావురం రక్తం రుద్దడం, పసరు పోయించడం ఇప్పటికీ మన పల్లెల్లో ఉంది. వీడియో ఆ పేరు ఎత్తి వద్దని చెప్పడానికి వెనకాడింది. చెప్పాలి. పసరు నోట్లో పోస్తే అది మింగలేని మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గడువేమో దారిలోనే అయిపోతుంది.

ఫోను ఎవరి దగ్గర ఉంది అన్నది ఈ సెట్టు తయారు చేసినవాళ్లకు తట్టని ప్రశ్న. స్మార్ట్‌ఫోన్ కొడుకు జేబులో ఉంటుంది, కొడుకు పనికి పోతాడు. చూసుకునే భార్య దగ్గర బటన్ ఫోను. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపునుంచి మిరపకాయల కోతకు గుంటూరు పోయే రోజుల్లో ఇంట్లో మిగిలేది ముసలి జంటే. లింకు నొక్కి చూడటం అక్కడ సాగదు. వీడియోలను దింపుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే టీవీలో చూడొచ్చు. టీవీ పెద్దది, మంచం ముందే ఉంటుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. అడిగితే ఇస్తారు, అడగాలని ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చే ఫిజియో దగ్గరికి వద్దాం. ఈ సేవలో డబ్బు పెట్టదగ్గది ఇదే, వచ్చిన మనిషి చేయాల్సింది చేస్తే. మంచి రాక ఇలా ఉంటుంది: ఫిజియో ముందు తను చేసి చూపిస్తారు, తర్వాత ఇంటావిడను చెయ్యమంటారు, ఆమె చెయ్యి పడిన చోటును సరిచేస్తారు, మళ్లీ చెయ్యమంటారు. వెళ్లేముందు నోటుబుక్కులో ఈ వారం పని రాస్తారు: కుర్చీలోంచి లేవడం పదేసి చొప్పున రోజుకు నాలుగుసార్లు, అని అంకెలతో. చెడ్డ రాక ఎలా ఉంటుందంటే, కరెంటు మిషను తగిలించి ఇరవై నిమిషాలు కూర్చుని, కాలూ చెయ్యీ నాలుగుసార్లు ఆడించి వెళ్లిపోతారు. ఇంటివాళ్లు ఏమీ నేర్చుకోరు. అలా జరిగితే రెండోసారికే చెప్పెయ్యండి. ఆరు రాకలను రెండు వారాలకొకటిగా పంచారు. మా లెక్కలో అది తప్పు. మొదటి మూడు రాకలు మొదటి మూడు వారాల్లోనే అయిపోవాలి, తప్పు అలవాటు పడేది అప్పుడే. అడిగితే తేదీలు మారుస్తారు. ఏ రోజైనా బీపీ 180కి 110 దాటినా, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా ఆ పూట వ్యాయామం ఆపి డాక్టరుకు ఫోను చెయ్యాలి. ఈ అంకె వీడియోలో లేదు, నోటుబుక్కు మొదటి పేజీలో రాయించుకోండి.

వీడియోలు చూస్తే చాలు, మనిషి లేస్తాడు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన దేశంలోనే దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ అధ్యయనం 2017లో వచ్చింది. ఇంటివాళ్లకు అదనంగా శిక్షణ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండువైపులా 47 శాతమే. 31 కేంద్రాల్లో 4,298 మందికి వీడియోలు, ఎస్సెమ్మెస్‌లు, వర్క్‌బుక్ ఇచ్చి చూసిన స్ప్రింట్ ఇండియా ఫలితాలు 2023లో వచ్చాయి. మందులు వేసుకోవడం, తాగుడు మానడం కొంత మెరుగుపడ్డాయి, మళ్లీ స్ట్రోకు, గుండెపోటు రావడం మాత్రం తగ్గలేదు. దీన్నిబట్టి ఇంటివాళ్ల కష్టం వృథా అనుకోకూడదు. భుజం జారకుండా, పుండు పడకుండా, ముద్ద అడ్డం పడకుండా చూడటానికి ఈ తెలివిడి కావాలి. కాలు తిరిగి పనిలోకి రావడానికి మాత్రం తెలిసిన చెయ్యి దగ్గరుండి, ఎక్కువసార్లు, ఎక్కువ నెలలు చేయించాలి. ఆరు రాకలు దానికి చాలవు. ఆ మాట సేవవాళ్లే ముందుగా చెప్పాలి.

చూసుకునేవాళ్ల కోసం పెట్టిన ఆఖరి వీడియో మూడు నిమిషాలే. నడుము పట్టకుండా మోకాళ్లు వంచి ఎత్తమన్నారు, అంతే. స్ట్రోకు తర్వాత మూడింట ఒకరికి దిగులు జబ్బు పట్టుకుంటుంది. తినకపోవడం, వ్యాయామానికి మొండికెయ్యడం, ఊరికే ఏడవడం మొండితనం కాదు, దానికి మందు ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చూసుకునే మనిషి కూడా చేయొచ్చు. పింఛను గురించీ ఒక్క మాట ఉండాల్సింది: మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయలు, దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. ఫిజియోకు ఆసుపత్రికి పోయే ఆటో ఖర్చు భరించలేక మానేసే ఇళ్లకు ఆ డబ్బు ఆసరా.

జబ్బు మనిషి ఆసరాతో కూర్చోగలిగి, చెప్పింది అర్థం చేసుకోగలిగితే, చూసుకోవడానికి పగలంతా ఇంట్లో ఒకరు ఉండే కుటుంబానికి ఈ సేవ తీసుకోమనే చెబుతాం. ముక్కు గొట్టం, మూత్రం గొట్టం రెండూ ఉండి, స్పృహ సరిగా లేని మనిషికి ఇది చాలదు. అక్కడ ముందు నర్సు కావాలి. భుజం అప్పటికే జారి నొప్పి ఉన్నవాళ్లు చేతి వీడియోలు చూసి మొదలుపెట్టకుండా ఫిజియో వచ్చేదాకా ఆగాలి.

తీసుకునేవాళ్లు లింకు రాగానే ఇరవై మూడూ చూడాలని కూర్చోవద్దు. ఆసుపత్రి నుంచి బయల్దేరకముందే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. డిశ్చార్జికి ముందు రాత్రి మూడోది, తొమ్మిదోది చూస్తే చాలు. గొట్టం ఉంటే పదకొండోది కూడా. మర్నాడు పొద్దున, వార్డు వదలకముందు, అక్కడి ఫిజియో ఎదురుగా ఆరోదాన్ని ఒకసారి మీ చేత్తో చేసి చూపించండి.